డబ్బాలో లేని వాక్యం

మైపాడు రోడ్డులో లిల్లీ టైలర్స్ ఎక్కడని అడిగితే ఎవరూ బోర్డు గుర్తు చెప్పరు. "ఆటోలో పోతుంటే ఒక నోరు వినపడతాది, ఆడ దిగిపో" అంటారు. ఆ నోరు నాదే. కొలత తీస్తూ మాట్లాడతాను, కత్తిరిస్తూ మాట్లాడతాను, గుండుసూదులు పెదాల మధ్య పెట్టుకుని కూడా మాట్లాడతాను. నడుము పెరిగినవాళ్ళకి ఆ సంగతి వీధి చివరిదాకా వినపడేట్టు చెబుతాను. అయినా నా దగ్గరికే వస్తారు. నేను కుట్టిన రవిక భుజం మీద నుంచి జారదు మరి.

అలాంటిదాన్ని పోయిన వానాకాలం నుంచి కత్తెర పట్టుకోలేకపోయాను.

చేతికేమీ కాలేదు. గుడ్డ పరిచి, సుద్దతో గీతలు గీసి, కత్తెర తెరిచేసరికి లోపల ఒకటే మాట మొదలయ్యేది. పాడు చేస్తావు, పాడు చేస్తావు, ఈ గుడ్డ కూడా పాడు చేస్తావు. గుండె దడదడలాడేది, అరచేతులు చెమటతో తడిసేవి. కత్తెర మూసి, గుడ్డ మడిచి బీరువాలో పెట్టేసేదాన్ని. పొద్దున లేస్తే లేచినందుకే ఏడుపొచ్చేది. ఎందుకేడుస్తున్నావే అంటే చెప్పుకోవడానికి ఒక్క కారణం ఉంటే ఒట్టు. మొగుడు తాగుబోతయితే అదన్నా చెప్పుకునేదాన్ని. మా జడ్సన్ రొయ్యల హేచరీలో కరెంటు పని చేస్తాడు, దోమను కూడా బతిమాలి బయటికి పంపించే రకం. కారణం లేని ఏడుపంత సిగ్గుచేటు ఇంకోటి లేదు.

సంగతి వీధిలో పడింది మాత్రం శ్రీహరికోట నుంచి రాకెట్ పోయిన రోజు. అందరూ మిద్దెలెక్కి దక్షిణం వైపు చూస్తున్నారు, నేనూ ఎక్కాను. ఆకాశంలో నిప్పుగీత కనపడగానే పిల్లలు కేకలేశారు. నాకు ఊపిరాడలేదు. చచ్చిపోతున్నాననే అనుకుని మెట్ల మీద కూలబడితే జడ్సన్ ఎత్తుకుని కిందికి దించాడు. లిల్లీ రాకెట్‌ను చూసి జడుసుకుందని మర్నాటికల్లా ఊరు తేల్చేసింది. ఇంత నోరు పెట్టుకుని రాకెట్‌కి జడుసుకోవడమేంటని నవ్వుకున్నవాళ్ళు నవ్వుకున్నారు.

నెల్లూరులో గుండె డాక్టరు పరీక్షలన్నీ చేయించి, "గుండె రాయిలాగుందమ్మా" అని ఇంకో డాక్టరు దగ్గరికి పంపించాడు. ఆ డాక్టరు దేని డాక్టరో బోర్డు మీద రాసే ఉంది. జడ్సన్ ముందు నడిచాడు, నేను ముఖానికి కొంగు అడ్డం పెట్టుకుని వెనక నడిచాను. లోపల బెంచీ మీద నా కస్టమర్లు ఇద్దరు ముఖాలకు కొంగు అడ్డం పెట్టుకుని కూర్చున్నారు. రవికలు నేను కుట్టినవే, గుర్తు పట్టనా. ఒకరినొకరం చూడలేదని కళ్ళతోనే ఒప్పందం చేసుకున్నాం. ఆ ఒప్పందం ఇప్పటికీ నడుస్తోంది.

డాక్టరమ్మ చిన్నపిల్ల. నేను చెప్పిందంతా విని, "ఇది జబ్బేనమ్మా, మీ తప్పేం లేదు, దీనికి మందుంది" అంది. పొద్దున టిఫిన్ తిన్నాక ఒక బిళ్ళ. గుణం కనపడడానికి కొన్ని వారాలు పడుతుందని, మొదట్లో కడుపులో తిప్పుతుందని, బాగైపోయిందని మన అంతట మనం మానేయకూడదని, మధ్యమధ్యలో వచ్చి మాట్లాడి పొమ్మని చెప్పింది. బుద్ధిగా తలూపాను. ఇంటికొచ్చి మందుల కవరు ఫ్రిజ్ మీద పెట్టాను. అది అక్కడే ఉండిపోయింది.

ఎందుకు వేసుకోలేదంటే భయం. ఆ బిళ్ళ మింగిన రోజు నాకు మెంటల్ అని నేనే సంతకం పెట్టినట్టు. దానికి తోడు మందుల షాపు ముఖేష్ కవరులోకి తొంగిచూసి, గొంతు తగ్గించి, "ఇయ్యి వేసుకుంటే మనిషి నెమ్మదైపోతాదక్కా" అన్నాడు. వాడు మంచిమాటే చెబుతున్నాననుకున్నాడు. నాకు పై ప్రాణాలు పైనే పోయాయి. నెమ్మదైన టైలర్లు ఊళ్ళో ఇంకా ఉన్నారు, వాళ్ళ బెంచీల మీద ఈగలు కూర్చుంటాయి. నా నోరే నా బోర్డు. అదే పోయాక నేనుండి ఏం లాభం అనిపించింది. నవ్వకండి, నిజంగానే అనిపించింది.

ఇక సలహాలంటారా, అవి రాని రోజు లేదు. గూడూరు నుంచి మా పిన్ని సంచెడు నిమ్మకాయలు పంపింది, రోజూ పరగడుపున పిండుకుని తాగితే తిక్క దిగుతుందట. పళ్ళు జివ్వుమన్నాయి గాని తిక్క దిగలేదు. మైపాడు పాలెం నుంచి చేపలు తెచ్చి అమ్మే కామాక్షమ్మ, గంప దించినప్పుడల్లా తన రవిక గుడ్డ గురించి అడిగేది.

"లిల్లమ్మా, నా గుడ్డ నీ బీరువాలో నాకన్నా ముందు ముసిల్దైపోయేట్టుండాదే."

"కుడతానక్కా, రేపు కుడతా."

"నీ రేపు ఎప్పటికొస్తాదో. ఒక పని చెయ్యి. మా గంగమ్మకు ఒక కోడిని మొక్కుకో. మీ దేవుడికి చెప్పాల్సిన పన్లేదు, నేనూ చెప్పన్లే."

ఒక్క మనిషి మాత్రం ఏ సలహా ఇవ్వలేదు. మా అత్త ఎలిశబెతు. మా చర్చిలో స్త్రీల సమాజానికి ఆమె పెద్ద. అయ్యగారి ప్రసంగం సాగిపోతుంటే ఈమె ఒక దగ్గు దగ్గుతుంది, ఆయన ముగింపు ప్రార్థనలోకి వచ్చేస్తాడు. అలాంటి మనిషి రోజూ ఫ్రిజ్ దగ్గరికి వచ్చి, ఆ కవరు ఎత్తి చూసి, మూతి బిగించి, మళ్ళీ అక్కడే పెట్టి పోయేది. ఒక్క మాట లేదు. సమాజంలో ఎవరో లిల్లీకి ఏమైందమ్మా అని అడిగితే, "ఏమవుతాది, దేవుణ్ణి నమ్మినోళ్ళకు దిగులేంది, పనెక్కువై అలిసిపోయింది" అని కసిరిందట. అది నా చెవిన పడింది. ఇంకేముంది, మా అత్త బిళ్ళలు వద్దనే మనిషని నేను తీర్పు చెప్పేసుకున్నాను.

ఒక సాయంత్రం జడ్సన్ పని నుంచి వచ్చి, కవరు వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూశాడు. అత్త అది చూసింది.

"శనివారం పొద్దున ప్రార్థనలో డబ్బా ముందు పెడదాం. వేసుకోవాల్నో వద్దో తేలిపోతాది" అంది.

ఈ డబ్బా సంగతి చెప్పాలి మీకు. మా ఇళ్ళలో వాగ్దానాల డబ్బా అని ఒకటి ఉంటుంది. దాన్నిండా చిన్న చిన్న అట్టముక్కలు, ఒక్కోదాని మీద ఒక్కో బైబిల్ వాక్యం. పొద్దున ప్రార్థనలో ఒకటి తీసి చదువుకుని, ఈ రోజుకు దేవుడు ఇచ్చిన మాట ఇదీ అని సంతోషంగా పనుల్లోకి పోతారు. అందరిళ్ళలో దాని పని అంతే. మా అత్తింట్లో అంతటితో సరిపోదు. బోరు ఎక్కడ వేయించాలి, పక్కింటివాళ్ళతో గోడ తగాదా వదులుకోవాలా వద్దా, అన్నీ దాన్నే అడగాలి. నన్ను కోడలుగా తెచ్చుకోవాలా వద్దా అని కూడా అడిగారట. అత్తకు వాళ్ళమ్మ ఇచ్చిన పాత బిస్కెట్ల డబ్బా అది. మూత మీద దొరసాని పిల్ల బొమ్మ సగం చెరిగిపోయి, ఒంటికన్నుతో చూస్తుంటుంది.

దానికొక పద్ధతుంది. ఎవరి సంగతైతే వాళ్ళు కళ్ళు మూసుకుని కార్డు తీయాలి. ఇంట్లో పెద్ద చదవాలి. తీసినవాళ్ళు చదవకూడదు, వాళ్ళ మనసులో ఉన్నదే వాళ్ళకు కనపడుతుందని. మా ఇంట్లో పెద్ద మా అత్తే కాబట్టి ఎప్పుడూ ఆమే చదువుతుంది. ఈ మధ్య రెండు కళ్ళలో పొర ముదిరింది. ఆపరేషన్ చేయించుకోమంటే, దేవుడు చూపించినంత చూస్తాను అంటుంది. కార్డు ముక్కుకు ఆనించుకుని, మొదటి రెండు మాటలు పోల్చుకుంటే చాలు, మిగిలింది కంఠతా వచ్చు.

ఇక్కడ నాకు ఒళ్ళు మండింది. ఆమె షుగరు బిళ్ళలకు డబ్బా తెరవలేదు. మోకాళ్ళ నూనెకు తెరవలేదు. జడ్సన్‌కు షాక్ కొట్టి చెయ్యి కాలితే మూత ముట్టుకోకుండా ఆటో ఎక్కించింది. నా బుర్ర దగ్గరికి వచ్చేసరికి దేవుణ్ణి నిద్ర లేపాలా? కానీ పైకి ఏమీ అనలేదు. అనేంత ఓపిక కూడా అప్పుడు నాలో లేదు.

అనలేదు గాని, ఇంకో పని చేశాను.

శుక్రవారం మధ్యాహ్నం స్త్రీల సమాజం కూడుకుంటుంది. అత్త గొడుగు వేసుకుని అటు పోయిందో లేదో, నేను డబ్బా తెచ్చి కటింగ్ బల్ల మీద బోర్లించాను. నా ఆలోచన సులువైంది. బిళ్ళలు వద్దని నేనంటే మొండిదంటారు, జడ్సన్ ముఖం వేలాడేస్తాడు. దేవుడే వద్దంటే ఎవరేమంటారు? అత్త సంతోషిస్తుంది, జడ్సన్ నోరు మూసుకుంటాడు, నేను మెంటల్‌దాన్ని కాకుండా బతుకుతాను. తప్పేదైనా ఉంటే దేవుడి మీదికి పోతుంది.

కూర్చుని కార్డులు ఏరాను. మనుషుల సాయం అక్కర్లేదు, దేవుడే బాగుచేస్తాడు అనే రకంవి ఒక పక్క. ఓపికపట్టు, దేవుడే చేస్తాడని ఎదురుచూస్తూ కనిపెట్టుకుని ఉండు అనే రకంవి వాటి మీదికే. తెలివి తెచ్చుకోమనేవి, పెద్దల మాట వినమనేవి, లేచి నడవమనేవి, ఇవన్నీ ప్రమాదం, ఇంకో పక్క. రోగంతో ఉన్నవాళ్ళకే వైద్యుడితో పని అని అర్థం వచ్చే వాక్యం ఒకటుంది కదా, దాన్ని అన్నిటికన్నా ముందు పట్టుకున్నాను. తీరా చూస్తే డబ్బాలోకి చారెడు కార్డులు కూడా మిగల్లేదు. స్త్రీల సమాజం పాత డబ్బా కూడా మా ఇంట్లోనే ఉంటుంది కాబట్టి, దాంట్లోంచి కూడా నాకు పనికొచ్చేవి ఏరి కలిపాను. అప్పటికీ నిండకపోతే అడుగున లైనింగ్ గుడ్డ ముక్కలు మడిచి పెట్టి, పైన కార్డులు నిలబెట్టాను. తీసేసినవన్నీ కామాక్షమ్మ రవిక గుడ్డలో చుట్టి బీరువాలో తోశాను. ఆ గుడ్డ జోలికి నేనే పోలేకపోతున్నాను, ఇంకెవరు పోతారు.

అంతా అయ్యాక చూసుకుంటే, ఇంతసేపూ చెయ్యి వణకలేదు. కత్తెర పట్టుకోలేని చెయ్యి దేవుడి డబ్బాలో దొంగతనం చేయడానికి మాత్రం ఎంత నిమ్మళంగా పని చేసిందో. చాలా రోజుల తర్వాత నాకు నవ్వొచ్చింది కూడా.

శనివారం పొద్దున హాల్లో చాప వేశాం. జడ్సన్ తలంటుకుని, పాపిడి తీసి, పరీక్ష ఫలితాలకు వచ్చిన పిల్లాడిలా కూర్చున్నాడు. అత్త పాట ఎత్తుకుంది, ప్రార్థన చేసింది. మామూలుగా ఊళ్ళో జబ్బుపడ్డ వాళ్ళందరినీ పేరుపేరునా తలుచుకునే మనిషి, ఆ రోజు నా ఒక్కదాని పేరు చెప్పి ఆపేసింది. డబ్బా నా ముందుకు జరిపింది.

కళ్ళు మూసుకుని తీశాను. పూర్తిగా మూయలేదు లెండి. చేతికి వచ్చింది సమాజం డబ్బా నుంచి కలిపిన కార్డే, మూలన నూనె మరక ఉంది. ఏ మనిషి మీదా ఆధారపడొద్దు, దేవుడొక్కడే చాలు అనేది దాని సారం. ఇంతకన్నా గట్టిగా ఎవరు వద్దంటారు? లోపల హమ్మయ్య అనుకుని, తల వంచుకుని, కార్డు అత్త చేతికిచ్చాను.

అత్త కిటికీ వైపు తిరిగింది. కళ్ళజోడు పైకి తోసింది, కిందికి లాగింది. కార్డు ముక్కుకు ఆనించుకుంది. చాలాసేపు చూసింది. తర్వాత గొంతు సవరించుకుని, చర్చిలో చదివినట్టు గట్టిగా, ఒక్కో మాటా విడదీసి చదివింది.

రోగులకే వైద్యుడు కావాలనే వాక్యం.

ఆ కార్డు కామాక్షమ్మ రవిక గుడ్డలో ఉంది. నా చేత్తో నేను పెట్టాను.

"అదేనా అత్తా, రాసుండేది?" అన్నాను. ఆపుకోలేకపోయాను.

"నాకు వాక్యం నేర్పించొస్తావా నువ్వు?" అంది. కార్డు డబ్బాలో పెట్టేసి మూత నొక్కేసింది. జడ్సన్ ఎంత గట్టిగా ఆమేన్ అన్నాడంటే గోడ మీద బల్లి పరిగెత్తింది. అత్త లేచి కొంగు దులుపుకుని వంటింట్లోకి పోయింది.

నేను చాప మీద అలాగే కూర్చుండిపోయాను. అది అబద్ధమని నాకు తెలుసు. తెలుసని చెబితే, ఎట్టా తెలుసు అంటారు. ఆమె దొంగతనం బయటపెట్టాలంటే ముందు నాది బయటపెట్టుకోవాలి. ఇలా ఇరుక్కుపోతానని కలలో కూడా అనుకోలేదు.

వంటింట్లోకి వెళ్ళేసరికి అత్త పెనం మీద కారం దోశ వేస్తోంది. పక్కన గట్టు మీద ఫ్రిజ్ మీది కవరు ఉంది, దాని పక్కన గ్లాసుతో నీళ్ళు.

"అత్తా, ఆ కార్డు మీద ఆ వాక్యం లేదు" అన్నాను, గొంతు తగ్గించి.

అత్త దోశ అంచులు లేపుతూ, "డబ్బా అడుగున లైనింగ్ గుడ్డ ఎవురు పెట్టినారు?" అంది.

నోటికి పేరుపడ్డ దాన్ని, నిలబడి దోశ వైపు చూస్తున్నాను.

"నా కళ్ళకు పొరొచ్చింది గాని, చేతులకు రాలేదే. నిన్న సాయంత్రం డబ్బా ఎత్తితేనే తేలిపోయింది. ఒక్కో కార్డూ కిటికీ కాడ పెట్టుకుని చూసినా. అన్నీ ఒకే పాట."

"మరి అప్పుడే అడగకపోయినావా?"

"అడిగితే బిళ్ళ వేసుకుంటావా? నేను తూర్పంటే నువ్వు పడమరంటావు. దేవుడు చెప్తేనన్నా వింటావేమో అని డబ్బా పెట్టిస్తే, ఆయన నోరు కూడా కుట్టేసినావు. టైలర్‌వి కదా."

"నీకు బిళ్ళలంటే ఇష్టం లేదనుకున్నా. రోజూ ఆ కవరు చూసి మూతి ముడుచుకుంటుంటివి."

"నిన్నటికీ ఈ రోజుకీ ఒక్కటన్నా తగ్గిందా అని చూస్తుండా. ముడుచుకోకుండా ఏం చెయ్యాల?"

దోశ పళ్ళెంలో వేసింది. పొయ్యి ఆపింది. ఆమె పొయ్యి ఆపితే నాకు భయమేసింది, ఎందుకంటే మా అత్త పనిలో ఉండే ఏ మాటైనా చెబుతుంది, పని ఆపి చెప్పిన మాట నాకు గుర్తులేదు.

"మా చెల్లెలు క్యాథరిన్ అని ఉండె. నువ్వు చూళ్ళేదు. నీ మాదిరే నోరు. చర్చిలో కూర్చుంటే ముందు వరస, వెనక వరస, అందర్నీ నవ్వించేది. ఒక ఏడు ఉన్నట్టుండి మాట తగ్గిపోయింది దానికి. కూడు తగ్గిపోయింది. ఎందుకేడుస్తుండావంటే, తెలీదక్కా అనేది. మద్రాసులో ఇట్టాంటియ్యి చూసే డాక్టరుండాడు, తీసకపోతానన్నాడు మా నాయన. మా అమ్మ డబ్బా ముందు పెట్టింది. ఇదే డబ్బా. అమ్మకు చదువు రాదు, నేనే చదివినా. కనిపెట్టుకుని ఉండమని వచ్చింది."

అత్త కొంగుతో గట్టు తుడిచింది. గట్టు శుభ్రంగానే ఉంది.

"వచ్చింది వచ్చినట్టు చదివినా. సరే అని కనిపెట్టుకోనే ఉన్నాం. అది ఆ ఏడు దాటలేదు."

బయట జడ్సన్ చాప మడుస్తున్న చప్పుడు వినపడుతోంది.

"అప్పట్నుంచి ఆ డబ్బాలో ఏమొచ్చినా, మనిషికి ఏది కావాల్నో అదే చదువుతా. తప్పయితే నేనూ దేవుడూ చూసుకుంటాం, మధ్యలో నువ్వు రావాకు. తిను, చల్లారిపోతాది."

దోశ తిన్నాను. కారం నషాళానికి అంటింది. బిళ్ళ తీసి అరచేతిలో పెట్టుకున్నాను. పప్పుబద్ద అంత కూడా లేదు. దీనికా ఇన్నాళ్ళు భయపడ్డానని మీరంటారు. భయపడ్డాను, అప్పుడు కూడా భయంగానే ఉంది.

"నా నోరు పోతాదేమో అత్తా" అన్నాను.

"పోతే పోనీ, వీధిలో అందరం మధ్యాహ్నం పూట కాస్త కునుకు తీస్తాం" అంది. గ్లాసు నా చేతిలో పెట్టింది. గ్లాసు పెట్టిన చెయ్యి వెనక్కి తీసుకోలేదు. "నోరు ఎట్టన్నా పోనీమే. నువ్వుండాల."

మింగేశాను. మింగి, ఆమె భుజం మీద తల పెట్టి ఏడ్చాను. ఈసారి ఎందుకేడుస్తున్నావంటే చెప్పుకోవడానికి కారణం ఉంది.

ఆ బిళ్ళ వేయగానే ఆకాశం తెరుచుకుందని చెబితే నన్ను నమ్మకండి. మొదట్లో కడుపులో తిప్పి, చేపల వాసన వస్తే పరుగెత్తేదాన్ని, కామాక్షమ్మ వేరే అర్థం చేసుకుని పాలెంలో నలుగురికి శుభవార్త చెప్పేసింది. కొన్నాళ్ళు ఏ గుణమూ కనపడక డాక్టరమ్మను నానా మాటలూ అన్నాను, ఆమె ముందే కూర్చుని అన్నాను. ఆమె నవ్వి ఇంకొన్నాళ్ళు చూద్దామంది. నేను మానేస్తానేమోనని అత్త కవరు దగ్గర కాపలా కాసింది. మెల్లమెల్లగా నిద్ర పట్టింది. లేచినప్పుడు ఏడుపు రాని రోజు ఒకటి వచ్చింది, అది వచ్చిన సంగతి సాయంత్రానికి గాని గమనించుకోలేదు.

ఒక రోజు కామాక్షమ్మ రవిక గుడ్డ తీసి బల్ల మీద విదిలించాను. కార్డులన్నీ జలజలా కింద రాలాయి. అవి ఏరి డబ్బాలో వేసి, లైనింగ్ ముక్కలు తీసేసి, గుడ్డ పరిచాను. గీతలు గీశాను. కత్తెర తెరిచాను. పాడు చేస్తావు అనే మాట రాలేదనను, వచ్చింది. కాకపోతే పక్కింట్లో టీవీ మోగినట్టు ఎక్కడో దూరంగా వచ్చింది. టీవీ మోగుతుంటే పని ఆపుతామా? కత్తిరించేశాను.

కామాక్షమ్మ రవిక తొడుక్కుని చూసుకుంటుంటే, "అక్కా, నీ నడుము ఈ ఏడు మైపాడు దాటి నెల్లూరుదాకా వచ్చేసిందే" అన్నాను, వీధి చివరిదాకా వినపడేట్టు. ఆమె నన్ను తిట్టలేదు. గంప నెత్తికెత్తుకుని, లిల్లమ్మకు నోరొచ్చేసిందని ఇంటింటికీ చెప్పుకుంటూ పోయింది. ఆ దారిలోనే ముఖేష్ షాపు. నేనూ వెళ్ళి, "నెమ్మదైపోతానన్నావే, అయినానా?" అని నిలదీశాను. "లేదక్కా, ఇంకా కాలేదక్కా" అన్నాడు పాపం, ఒక అడుగు వెనక్కి వేసి. ఇప్పటికీ ఆ బిళ్ళలు వాడి దగ్గరే కొంటున్నాను. డాక్టరమ్మ చాలు అనేదాకా కొంటాను.

ఇంతలో మా అత్త కళ్ళ సంగతి ముదిరింది. ఆదివారం అయ్యగారికి కాఫీలో చక్కెర బదులు ఉప్పు కలిపి ఇచ్చింది, ఆయన భయపడి మొత్తం తాగేశాడు. ఇంక ఆపరేషన్ తప్పదని జడ్సన్ అన్నాడు. అత్త వినలేదు. కంట్లో కత్తి పెడతారంట, చిన్న పొర కోసం ఉన్న చూపు పోతే ఎవరిది బాధ్యత అంది. గొంతు గట్టిగానే ఉంది, జపమాల తిప్పినట్టు వేళ్ళు మాత్రం కొంగు అంచు తిప్పుతూనే ఉన్నాయి. అలా తిప్పడం నాకు తెలుసు. మొన్నటిదాకా నేను చేసింది అదే.

"డబ్బా ముందు పెట్టండి. దేవుడు పొమ్మంటే పోతా" అంది చివరికి.

చాప వేశాం. అత్త ప్రార్థన చేసి, కళ్ళు మూసుకుని కార్డు తీసింది. నేను డబ్బా జోలికి పోలేదు, ఒట్టు, ఈసారి అన్ని కార్డులూ అందులోనే ఉన్నాయి. తీసినవాళ్ళు చదవకూడదు కాబట్టి కార్డు జడ్సన్‌కు ఇవ్వబోయింది. "నాకు గొంతు బాగలేదమ్మా, లిల్లీ చదువుతాది" అన్నాడు మా ఆయన, గంట కొట్టినట్టున్న గొంతుతో. ఆ రోజు చాప మడుస్తూ ఎంత విన్నాడో నేనెప్పుడూ అడగలేదు.

కార్డు నా చేతికొచ్చింది. చూశాను. కనిపెట్టుకుని ఉండమని ఉంది.

అత్త ముఖంలోకి చూశాను. పొరలు కమ్మిన ఆ కళ్ళు నా వైపే ఉన్నాయి. నేను కిటికీ వైపు తిరిగి, గొంతు సవరించుకుని, ఒక్కో మాటా విడదీసి గట్టిగా చదివాను. లేచి వెళ్ళమని చదివాను. మసకబారిన కళ్ళు తేటపడతాయని చదివాను. భయపడే పని లేదని, వెళ్ళేటప్పుడు కోడలిని వెంటబెట్టుకుని పొమ్మని కూడా చదివాను.

"ఆమేన్" అన్నాడు జడ్సన్.

అత్త చెయ్యి చాపి కార్డు నా వేళ్ళ మధ్య నుంచి తీసుకుంది. ముక్కు దగ్గర పెట్టుకోలేదు. తడుముకుంటూ డబ్బాలో పెట్టి మూత నొక్కేసింది.

"కోడలి సంగతి కూడా రాసుండాదా దాంట్లో?"

"అక్షరం పొల్లుపోకుండా."

"ఏ రోజు పోవాల్నో కూడా ఉండాదా?"

"సోమవారం" అన్నాను.